ఓడ అడుగున గరుకుదనం – ఇంధనం పద్దు



మన బులెటిన్‌లో ప్రవేశ పరీక్షల గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు ఎప్పటికప్పుడు రాస్తూనే ఉన్నారు. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని, చదివింది బి.కాం. అయినా ఈసారి ఒక ఇంజనీరింగు విషయం ఎత్తుకుంటున్నాను. మన సెమిలిగుడ పిల్లల్లో సునాబెడ హెచ్.ఎ.ఎల్.లోనో, దమన్‌జోడి నాల్కోలోనో పనిచేసే తల్లిదండ్రులున్నవారు ఎక్కువ. దమన్‌జోడిలో తయారైన అల్యూమినా రైలెక్కి కొండలు దిగి విశాఖపట్నం రేవుకు చేరుతుంది, అక్కడ ఓడలకెక్కి విదేశాలకు పోతుంది. రైలు దాకా మనందరికీ తెలిసిన కథే. ఆ తరువాత ఓడ ఎంత నూనె తాగుతుంది, ఎందుకు తాగుతుంది అన్నది ఎవరూ అడగరు. దానికి జవాబులో చాలా భాగం ఓడ అడుగున వేసిన రంగులో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

ముందుగా కామర్సు విద్యార్థుల కోసం ఒక దావా సంగతి చెబుతాను. ‘కిట్సా’ అనే సరుకుల ఓడను దాని యజమానులు టైమ్ చార్టరు మీద, అంటే నెలల లెక్కన అద్దెకు, మరొక సంస్థకు ఇచ్చారు. అద్దెదారు ఆదేశం ప్రకారం ఆ ఓడ విశాఖపట్నం వచ్చింది. అక్కడ 22 రోజులు ఆగిపోవలసి వచ్చింది. మన సముద్రం నీరు గోరువెచ్చన. కదలకుండా ఉన్న ఓడ అడుగుకు బార్నకిల్స్ పట్టాయి. రేవు స్తంభాలకు, రాళ్లకు అంటుకుని, తాకితే చేతిని గీరే చిన్న తెల్లని గుల్లలే అవి. తరువాతి ప్రయాణంలో ఓడ వేగం పడిపోయింది. అడుగు గీకించడానికి డబ్బు, రోజులు రెండూ ఖర్చయ్యాయి. మీరు పంపినచోటికి వెళ్లినందువల్లే మాకు ఈ నష్టం, కాబట్టి మీరే కట్టాలి అని యజమానులు దావా వేశారు. మధ్యవర్తులు ఒప్పుకోలేదు. 2005లో లండన్‌లో కమర్షియల్ కోర్టు కూడా మధ్యవర్తుల మాటనే ఖాయం చేసింది. వెచ్చని నీళ్లలో వ్యాపారం చేయడానికి అంగీకరించినప్పుడే ఆ ముప్పు యజమాని ఊహించి ఉండాలి, అది ఓడ వ్యాపారంలో మామూలు ఖర్చే అన్నది తీర్పు సారాంశం.

సముద్ర వ్యాపార న్యాయం చదివేవారు ఈ తీర్పును ఈనాటికీ చదువుతారు. నౌకా వ్యాపారుల సంఘం బిమ్‌కో 2013లో ఇటువంటి తగాదాల కోసమే ఒక ప్రత్యేక క్లాజును తయారుచేసింది. రేవులో ఇన్ని రోజులు దాటి ఓడ ఆగిపోతే అడుగు తనిఖీ చేయాలి, శుభ్రం చేయవలసివస్తే ఆ ఖర్చు అద్దెదారుది, అంతవరకు వేగం గురించి యజమాని ఇచ్చిన హామీ నిలిచిపోతుంది అని అందులో ఉంటుంది. రోజుల సంఖ్య ఇరువురూ రాసుకోకపోతే 15 రోజులుగా లెక్కిస్తారు. కిట్సా విశాఖలో ఉన్నది 22 రోజులు. ఒప్పందంలో ఖాళీగా వదిలిన ఒక్క గడి ఎంత ఖరీదు చేస్తుందో లోను కాగితాలు రాసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

గుల్లలు పట్టినప్పుడు ఓడ నెమ్మదించడంలో వింత లేదనుకోవచ్చు. అసలు వింత ఏమిటంటే, గుల్ల ఒక్కటి కూడా లేకుండా, కొత్తగా రంగు వేసిన ఓడకు కూడా ఆ రంగులోని గరుకుదనం వల్ల నూనె ఖర్చు మారుతుంది. అదెలాగో చూద్దాం.

నీటిలో పోయే ఓడను వెనక్కి పట్టిలాగే బలం ప్రధానంగా రెండు రకాలు. అలలు లేపడానికి పోయే శక్తి ఒకటి, ఓడ ఒంటికి నీరు రాసుకోవడం వల్ల కలిగే ఘర్షణ రెండవది. వేగంగా పోయే యుద్ధనౌకల్లో అలల వాటా పెద్దదే. బొగ్గు, ఖనిజం, అల్యూమినా మోసే నిదానమైన పెద్ద ఓడల్లో మాత్రం నిరోధంలో సింహభాగం ఘర్షణదే. కాబట్టి ఒంటి నునుపు ఎంత అన్న ప్రశ్న వాటికి చాలా ముఖ్యం.

దీన్ని మొదట పద్ధతిగా కొలిచినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. టార్కీ అనే ఊళ్లో తన ఇంటి దగ్గర నౌకాదళం వారి డబ్బుతో పొడవైన నీటి తొట్టె కట్టించి, 1872 నుండి పలుచని పలకలను నిలువుగా నీటిలో ముంచి, తొట్టె పొడవునా లాగించి, ఎంత బలం పడుతుందో నమోదు చేశాడు. కొన్ని పలకలకు వార్నిష్, కొన్నిటికి తగరపు రేకు, కొన్నిటికి ముతక గుడ్డ, కొన్నిటికి జల్లించిన ఇసుక అతికించాడు. 50 అడుగుల పలక మీద ఇసుక అంటించినప్పుడు పడిన బలం వార్నిష్ పలకకు పట్టిన దానికి దాదాపు రెట్టింపు. గుడ్డ తొడిగిన పలకదీ అదే దారి. మరొక సంగతి కూడా ఆయన పద్దులో కనిపిస్తుంది. వేగం రెట్టింపైతే గరుకు పలక మీద బలం నాలుగు రెట్లవుతుంది, నున్నని పలక మీద అంతకంటె కాస్త తక్కువే పెరుగుతుంది. అంటే వేగం హెచ్చేకొద్దీ గరుకుదనానికి చెల్లించే జరిమానా కూడా హెచ్చుతుందన్నమాట.

ఎందుకలా? ఇక్కడ ఇంటరు ఫిజిక్సు గుర్తు తెచ్చుకోండి. ఓడ గోడను తాకి ఉన్న నీటి పొర గోడకే అతుక్కుని దానితోపాటే కదులుతుంది. ఓడకు దూరంగా ఉన్న నీరు కదలదు. ఈ రెండింటి మధ్య, వేగం మెల్లగా మారే ఒక ప్రాంతం ఉంటుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాండ్టల్ 1904లో దాన్ని సరిహద్దు పొరగా గుర్తించాడు. పెద్ద ఓడకు వెనుక వైపు వచ్చేసరికి ఈ పొర మీటరు మందం దాటిపోవచ్చు. దానిలో చాలా భాగం సుడులతో కల్లోలంగా ఉంటుంది. కాని గోడకు ఆనుకుని మాత్రం అతి పలుచని ప్రశాంతమైన పొర ఒకటి ఉంటుంది. నీటి జిగట అక్కడ సుడులను లేవనివ్వదు.

గరుకుదనం కథంతా ఆ పలుచని పొర చుట్టూ తిరుగుతుంది. రంగు మీది గడ్డలు ఆ పొరలో మునిగి ఉన్నంతవరకు బయట పారే నీటికి అవి ఉన్నట్టే తెలియదు. మన రోడ్డు మీది గులకరాళ్లు వాననీటి కింద మునిగితే పైన నీరు నున్నగా పారినట్టు. గడ్డలు ఆ పొరను దాటి తల ఎత్తితే, ఒక్కొక్క గడ్డ ముందు నీరు గుద్దుకుని, వెనుక చిన్న సుడి లేచి, ఓడ ఇంజను ఇచ్చిన శక్తి ఆ సుడుల్లో ఖర్చవుతుంది. గడ్డ ఒక్కటైతే లెక్కలోకి రాదు. వేల చదరపు మీటర్ల మీద కోట్ల గడ్డలుంటాయి.

ఇక కొలతలు. 15 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లతో పోయే పెద్ద ఓడకు ఆ ప్రశాంతమైన పొర మందం 20 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకోండి, పొర అందులో మూడో వంతు కూడా లేదు. వేగం పెరిగితే పొర ఇంకా పలుచనవుతుంది. అందుకే ఒకే రంగు నిదానమైన పడవకు నున్నన, వేగమైన ఓడకు గరుకు. వస్తువు మారలేదు, నీరు దాన్ని చూసే చూపు మారింది.

ఓడ గరుకుదనాన్ని కొలవడానికి ఒక చిన్న పరికరాన్ని అడుగుభాగం మీద నడిపిస్తారు. ప్రతి 50 మిల్లీమీటర్ల పొడవులో అన్నిటికంటె ఎత్తైన చోటుకీ, లోతైన చోటుకీ తేడా ఎంతో అది చెబుతుంది. ఓడ అంతటా తీసిన వాటికి సగటు కడతారు. బాగా రంగు వేసిన కొత్త ఓడకు ఈ సగటు వంద మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. సంరక్షణ లేని పాత ఓడకు ఇది అనేక రెట్లు కావచ్చు. ఓడ నమూనాలను తొట్టెల్లో పరీక్షించే సంస్థల అంతర్జాతీయ సమావేశం 1978లో ఖరారు చేసిన లెక్కల పద్ధతి, వేరే కొలత లేనప్పుడు 150 మైక్రాన్లు వేసుకోమంటుంది.

ఈ నమూనాల పరీక్ష మన విశాఖలోనే జరుగుతుంది. 1969లో స్థాపించిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో అరకిలోమీటరు పొడవైన, ఎనిమిది మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల లోతున్న తొట్టె ఉంది. ఫ్రూడ్ తొట్టెకు మునిమనుమడు అనవచ్చు. అయితే చిన్న నమూనాను ఎప్పుడూ నున్నగానే చేస్తారు. నిజం ఓడ రంగు ఎంత గరుకో దాని మీద చూపించడం కుదరదు. అందుచేత నమూనా ఇచ్చిన ఫలితానికి గరుకుదనం కోసం ఒక అంకెను తరువాత కలుపుతారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే రాబోయే నష్టానికి ముందుగానే ప్రొవిజన్ పెట్టడం.

ఆ అంకెను ఎలా కట్టాలన్నదానిపై ఇంగ్లండులో న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన టౌన్సిన్ చేసిన పని ప్రసిద్ధం. ఆయన సూత్రంలో గరుకుదనం ఘనమూలం రూపంలో వస్తుంది. లెక్కలంటే భయపడేవారు ఇంతమాత్రం గుర్తుంచుకుంటే చాలు: నున్నని ఓడ మొదటి 50 మైక్రాన్లు పాడవడం, అప్పటికే పాడైన ఓడ మరో 50 మైక్రాన్లు పాడవడం కంటె ఖరీదైనది. నా మటుకు నాకు ఇది కొత్త బండికి పడే మొదటి ఏడాది తరుగుదలలాగా కనబడింది. మరొక్క మాట. ఎత్తు ఒక్కటే చాలదు, గడ్డ ఆకారం, వాటి మధ్య దూరం కూడా చూడాలి. మెల్లగా ఎగుడుదిగుడుగా ఉన్న రంగు, ఉప్పు కాగితంలాగా పదునైన గింజలున్న రంగు, రెండింటి కొలతా ఒకటే వచ్చినా రెండవదే ఎక్కువ నూనె తాగిస్తుంది.

రంగు గరుకు ఎలా అవుతుంది? గాజువాక ప్రాంతంలో ఉద్యోగం చేసినప్పుడు షిప్‌యార్డులో పెయింటింగు పనిచేసే ఖాతాదారులు కొందరు నాకు పరిచయం. పాసుపుస్తకం ఎంట్రీ కోసం వరుసలో నిలబడి వాళ్లు చెప్పుకునే మాటలు అప్పట్లో నాకు అర్థమయ్యేవి కావు. ఇప్పుడు చదువుతుంటే ఒక్కొక్కటి తెలుస్తోంది. ఇనుప రేకును ముందు గ్రిట్ కొట్టి తుప్పు వదలగొడతారు. రంగు పట్టుకోవడానికి ఆ దెబ్బల గుంటలు కొంత అవసరమే. రేకు ఉష్ణోగ్రత మంచు పట్టే ఉష్ణోగ్రత కంటె కనీసం 3 డిగ్రీలు పైన ఉంటే తప్ప రంగు వేయకూడదని నియమం. విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, తెల్లవారుజామున పని ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండకు రేకు కాలిపోతుంటే, గన్ను నుంచి వచ్చిన రంగు తుంపర రేకును చేరేలోగానే సగం ఆరి, ఇసుక రేణువుల్లాగా అతుక్కుంటుంది. గాలి వీస్తే అదే గతి. మందం ఎక్కువైతే రంగు జారి తెరలు కడుతుంది. తడి రంగు మీద గ్రిట్ దుమ్ము పడుతుంది. తరువాత ఓడ నీటిలోకి దిగాక లంగరు గొలుసు గీతలు, రేవు గోడ రాపిడి, లోపల నీరు చేరిన బొబ్బలు. మళ్లీ డ్రైడాక్‌కు వచ్చినప్పుడు అంతా గీకకుండా పాడైనచోట మాత్రమే గీకి అతుకు వేస్తారు. ప్రతి అతుకు అంచూ ఒక మెట్టు. ఐదారు సార్లు ఇలా జరిగాక ఆ ఓడ అడుగు మా కాలనీ రోడ్డులాగా ఉంటుంది.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ విశాఖలో పునాది వేసిన ఆ యార్డు నుండి 1948 మార్చి 14న ‘జల ఉష’ నీటిలోకి దిగింది. ప్రధాని నెహ్రూ దాన్ని జలప్రవేశం చేయించారు. పాఠ్యపుస్తకాల్లో ఉండే మాట అంతే. రంగు వేసినవాళ్ల పని మీద ఆ ఓడ నూనె ఖర్చు ఎంత ఆధారపడిందన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు గుల్లల దగ్గరకు మళ్లీ వద్దాం. అమెరికా నౌకాదళ అకాడమీకి చెందిన మైఖేల్ షుల్ట్జ్ 2007లో ఒక మధ్యరకం యుద్ధనౌకను తీసుకుని, అది 15 నాట్లతో పోవాలంటే ఇంజను ఎంత అదనపు శక్తి ఇవ్వాలో లెక్కగట్టాడు. పూర్తి నునుపైన ఓడతో పోలిస్తే, కొత్తగా వేసిన మామూలు రంగుకు 2 శాతం. రంగు పాతబడినా, లేక పలుచగా పాచి జిగురు పట్టినా 11 శాతం. దట్టమైన జిగురుకు 21. చిన్న గుల్లలకు 35. గుల్లలు బాగా పెరిగితే 86 శాతం. నన్ను ఆశ్చర్యపరచింది చివరి అంకె కాదు, రెండవది. పాచి జిగురు, చేతితో తుడిస్తే పోయేది, కంటికి రంగు మారినట్టు తప్ప కనపడనిది, పదకొండు శాతం తినేస్తోంది.

ఈ శాతాలు ఆ నౌకకు కట్టినవి, ప్రతి ఓడకూ అచ్చంగా అంటించకూడదు. అయినా ఎంతలో ఉంటుందో తెలియడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. రోజుకు 30 టన్నుల నూనె కాల్చే సరుకుల ఓడ ఉందనుకోండి. 11 శాతం అంటే 3.3 టన్నులు. టన్ను 50,000 రూపాయలనుకుంటే రోజుకు 1,65,000 రూపాయలు. ఏడాదిలో 200 రోజులు సముద్రం మీద ఉంటే 3 కోట్ల 30 లక్షలు. ఒక టన్ను నూనె కాలితే సుమారు 3.1 టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కాబట్టి, 660 టన్నుల అదనపు నూనెకు రెండు వేల టన్నులకు పైగా వాయువు. అదనపు నూనె కాల్చకుండా అదే శక్తితో నడిపితే వేగం మూడు నాలుగు శాతం తగ్గుతుంది, సరుకు ఆలస్యమవుతుంది. ఈ రెండింటిలో ఏదో ఒక పద్దులో డెబిట్ పడక తప్పదు. 2023 నుండి పెద్ద ఓడలకు ఏటా వాయువు లెక్క మీద ‘ఎ’ నుండి ‘ఇ’ దాకా గ్రేడులు కూడా ఇస్తున్నారు. మన పిల్లల మార్కుల జాబితా లాంటిదే.

ఒక సందేహం పిల్లలు తప్పక అడుగుతారు. గోల్ఫ్ బంతికి గుంటలు పెడితే దూరం పోతుందంటారు, మరి ఓడకు గరుకు మంచిది కాదా అని. బంతి మొండి ఆకారం. దాని వెనుక ఏర్పడే పెద్ద సుడి ప్రాంతమే దాని శత్రువు. గుంటలు గాలిని బంతికి మరికొంత దూరం అంటిపెట్టుకునేలా చేసి ఆ ప్రాంతాన్ని చిన్నది చేస్తాయి. ఓడ సన్నగా పొడుగ్గా ఉంటుంది, దాని నీటి పొర ముందు భాగంలోనే కల్లోలమైపోతుంది. కాబట్టి గరుకుదనం వల్ల దానికి వచ్చే లాభమేమీ లేదు, ఘర్షణ తప్ప. సొరచేప చర్మంలోలాగా ప్రవాహం దిశలో సన్నని గాళ్లుంటే కొంత తగ్గుతుందన్నది నిజమే. 1987 అమెరికా కప్ గెలిచిన పడవ అటువంటి పొర తొడుక్కుంది. కాని అది కొలిచి చెక్కిన గీత, రంగు మీది గడ్డ కాదు.

గుల్లలు పట్టకుండా చేయడం పాత సమస్య. 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలార్మ్’ అనే ఓడకు రాగిరేకు తొడిగింది. నేటి రంగుల్లో చాలావాటిలో రాగి సమ్మేళనమే ఉంటుంది. 1970ల్లో ట్రైబ్యూటైల్ టిన్ కలిపిన రంగులు వచ్చాయి. అవి నీటిలో కొద్దికొద్దిగా అరిగిపోతూ ఎప్పుడూ కొత్త పైపొరను చూపించేవి. అంటే విషం, నునుపు రెండూ ఒక్క డబ్బాలోనే. ఓడ యజమానులకు పండుగే. కాని ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతంలో పెంచే ఆల్చిప్పల పెంకులు వంకరపోయి, పిల్లలు పుట్టడం మానేశాయి. ఆ ఊరి జీవనాధారమే అది. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగు నిషేధించింది. అంతర్జాతీయ ఒడంబడిక 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17 నుండి అమలులోకి వచ్చింది. ఇప్పుడు రాగి రంగులతో పాటు, ఏదీ గట్టిగా అంటుకోలేని సిలికాన్ పూతలున్నాయి. అవి ఓడ నడుస్తున్నంతసేపే బాగా పనిచేస్తాయి. లంగరేసి వారాల తరబడి నిలబడితే వాటికీ కష్టమే.

ఇందులో నూనె ఖర్చుకు మించిన విషయం కూడా ఒకటుంది. విశాఖ హార్బరులో ఏ గుల్లలు, ఏ పురుగులు పడుతున్నాయో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1950ల నుండే పరిశీలించి 1958లో ప్రచురించారు. 1967లో అదే హార్బరులో అంతకుముందు లేని ఒక చిన్న గుల్ల కనిపించింది. దాని సొంత ఊరు కరీబియన్ సముద్ర తీరం. మైటిలాప్సిస్ సల్లై అని దాని పేరు. ఓడల అడుగున అంటుకునే వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వచ్చి గుత్తులు గుత్తులుగా పరచుకుంది, తరువాత ముంబయిలో కూడా కనిపించింది. అందుకే ఇప్పుడు చాలా రేవుల్లో నీటిలోనే బ్రష్షులతో ఓడ అడుగు తోమడానికి ఆంక్షలున్నాయి. తోమితే పరదేశి జీవులు, రాగి రెండూ రేవులోనే రాలతాయి. పైగా గట్టి బ్రష్షు రంగును గీకి, పోగొట్టిన గరుకునే తిరిగి తెస్తుంది.

సైన్సు ఫెయిరుకు ఏదైనా చెప్పమని అడిగేవారికి: ఒకే కొలతగల రెండు పలుచని పలకలు, ఒకదానికి వార్నిష్, ఒకదానికి ఇసుక. పారే కాలువలో స్కూలు లేబొరేటరీ స్ప్రింగు తాసుతో కట్టి నిలిపి, ఎంత లాగుతోందో చూడండి. మాస్టారు పక్కన ఉండాలి, కొలాబ్ జలాశయం జోలికి పోవద్దు. సన్నరకం ఉప్పు కాగితం అంటిస్తే తేడా కనిపించకపోవచ్చు. ఎందుకంటే సెకనుకు అరమీటరు పారే నీటిలో ఆ ప్రశాంతమైన పొర మిల్లీమీటరులో అయిదో వంతు దాకా ఉంటుంది, గింజలు దానిలో దాక్కుంటాయి. ముతక ఇసుకే వాడండి.

ఈ విద్యను వృత్తిగా చదవదలచినవారికి దగ్గర చోటు విశాఖపట్నమే. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ ఓషన్ ఇంజనీరింగులో బి.టెక్. ఉంది. ఇంటరులో ఫిజిక్సు, కెమిస్ట్రీ, మేథమేటిక్సు చదివి, ఆ యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. కామర్సు పిల్లలకు చార్టరింగు, మెరైన్ ఇన్సూరెన్సు, సముద్ర వ్యాపార న్యాయం వైపు దారులున్నాయి. తల్లిదండ్రులు ఎవరైనా పిల్లలను విశాఖ తీసుకువెళితే, 2002 నుండి బీచ్ రోడ్డు మీద ప్రదర్శనకు ఉంచిన కుర్సురా జలాంతర్గామి లోపల చూసి బయటకు వచ్చేయకండి. ఒకసారి బయట కింద నిలబడి దాని పొట్ట వైపు చూడండి. నీటిలో ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని భాగం అదే.